ఇది నిజమైతే

చెంగప్ప సార్ బోర్డు మీద ఒక బేకరీ గీస్తాడు.
పొయ్యి మార్చారు. అమ్మకాలు పెరిగాయి.
కాబట్టి పొయ్యి వల్లే పెరిగాయి.
"ఆ 'కాబట్టి' చూశారా,
అది మెట్టు కాదు, గెంతు.
గెంతేచోట కాలి కింద పలక వేసేది ఏదో
ఆ ఆప్షన్ పట్టుకోండి" అంటాడు.

ఎ: ఆ బేకరీకి నలభై ఏళ్లు.
వినడానికి గొప్ప. ఎందుకూ పనికిరాదు.
బి: ఎదురు బేకరీ అదే నెల మూతపడింది.
ఇది ఉన్న పలక లాగేస్తుంది.
సి: పొయ్యి మార్చని రెండో బ్రాంచిలో
అమ్మకాలు ఎక్కడివక్కడే.
మారతహళ్లి వంతెన హారన్ల పైన, ఐదో అంతస్తులో
నలభై పెన్నులు ఒకేసారి సి మీద వాలతాయి.
నాదీ వాలుతుంది. ఇవి నాకు బాగా వచ్చు.

మర్నాడు మా పీజీలో గ్యాస్ డబ్బు పోయింది.
పదకొండు వందలు, వంటింటి పక్క టేబుల్ సొరుగులోంచి.
ఓనర్ పుట్టరాజుకి బోర్డు అక్కర్లేదు:
ఐదింటికే వచ్చేది మునిరత్నమ్మ,
సొరుగు ఆమె మోచేతి దూరంలో ఉంది,
కాబట్టి.
వాక్యం అక్కడే ఆపేశాడు.
మిగతాది పూర్తి చేయడానికి మేం క్యూ కట్టాం.

"పిల్లాడికి డెంగ్యూ అంట, ఆసుపత్రి బిల్లుంది"
హిమజ, జాలిగానే.
"అడిగితే ఏడ్చింది" నూర్జహాన్.
"పాత పీజీలోనూ ఏదో పోయిందట" వాచ్‌మన్,
చివరి 'ట'ని సగం మింగేస్తూ.

అలవాటు కొద్దీ నేను పక్కన టిక్కులు పెట్టుకున్నాను.
అవసరం: బలమే, కొద్దిగా.
కానీ ఈ ఇంట్లో అవసరం లేనిదెవరికి?
నాది రెండు నెలల అద్దె బాకీ.
బీదవాళ్ల అవసరానికే మార్కులెందుకు పడతాయో
చెంగప్ప సార్ చెప్పలేదు.
ఏడుపు: తీసినవాళ్లూ ఏడుస్తారు, తీయనివాళ్లూ ఏడుస్తారు.
కొట్టేశాను.
పాత పీజీ: ఇది గట్టిది,
ఇది నిజమైతే.

పుస్తకంలో ప్రతి ప్రశ్న చివరా ఉంటాయి ఆ రెండు మాటలు.
పుస్తకం నిజాన్ని ఊరికే ఇస్తుంది
టీకొట్టు బల్ల మీద మంచినీళ్ల జగ్గులా.
ఇక్కడ నిజం ట్యాంకర్ నీళ్లు.
ఎవరో ఒకరు ఫోన్ చేయాలి, డబ్బు కట్టాలి,
పైపు పట్టుకుని వాకిట్లో నిలబడాలి.

పుట్టరాజు కన్నడంలో గుమ్మడికాయల దొంగ సామెత విసిరాడు.
మన సామెతే. సరిహద్దుకి రెండు వైపులా
భుజాలుంటాయి కదా.
మునిరత్నమ్మది ముళబాగిలు,
ఆమెకి రెండు భాషల్లోనూ తగిలింది.
అయినా భుజం ముట్టుకోలేదు. చేతుల నిండా కొబ్బరి.

ముట్టుకున్నది నేను.

ఎవరూ పైకి చదవని ఆప్షన్ ఒకటుంది,
చప్పగా, ఒక మూల,
సరైన జవాబులు తరచూ అలాగే ఉంటాయి:
తాళంచెవి లేకుండా ఆ సొరుగు ఎవరూ తెరవలేరు.
తాళంచెవి ఉన్నది ఇద్దరికే, ఓనర్‌కీ, ఆమెకీ.
మొత్తం వాదన దీని మీదే నిలబడింది,
అందుకే దీన్ని ఎవరూ అనలేదు.

సోమవారం కరెంటు పోయినప్పుడు
అగ్గిపెట్టె కోసం నేను ఆ సొరుగు తెరిచాను.
తాళం వేసే ఉంది.
కొంచెం పైకెత్తి లాగితే వచ్చేస్తుంది.

చెప్తే ఆమె ఆ 'కాబట్టి'లోంచి బయటికొస్తుంది,
నేను లోపలికి వెళ్తాను.
పరీక్షలో ప్రశ్నకి ఒకటిన్నర నిమిషం.
నాకు అంతకన్నా ఎక్కువే పట్టింది,
అంతసేపూ ఆమె కొబ్బరి కోరుతూనే ఉంది,
చిప్ప అయిపోయాక కూడా.

"సార్, ఆ సొరుగుకి తాళం పడదు."

పుట్టరాజు నా వైపు తిరిగాడు.
"నీకెలా తెలుసు?"

దీని కింద ఆప్షన్లు లేవు.

డబ్బు ఇప్పటికీ దొరకలేదు.
ఆ పూట చిత్రాన్నంలో నిమ్మరసం ఎక్కువైంది,
ఎవరూ ఏమీ అనలేదు.
నేను రెండోసారి పెట్టించుకున్నాను.
అది కూడా ఎవరో ఒకరు
దేనికో ఒకదానికి బలంగా రాసుకునే ఉంటారు.